మీటరు చేసినవాడు, మీటరు చదివేవాడు

గత నెలలో సికింద్రాబాదు నుంచి ఇంటికి వస్తుండగా, బస్సులో నా పక్కన కూర్చున్న అమ్మాయి కాలేజీ బ్యాగు ఒళ్లో సర్దుకుంటూ, "అంకుల్, ఈసీఐఎల్ అంటే ఎవరి పేరైనానా?" అని అడిగింది. ఊరికి కొత్తగా వచ్చిందట. రోజూ బోర్డు మీద ఆ అక్షరాలు చూసి బస్సెక్కుతోందే గాని, వాటి అర్థం ఎవరూ చెప్పలేదట. నేను జవాబు చెప్పేలోగా వెనక సీట్లోంచి ఒక పెద్దమనిషి, "టీవీల కంపెనీ అమ్మా, ఎప్పుడో మూసేశారు" అన్నారు. మూసేయలేదండీ, నడుస్తూనే ఉంది అన్నాను. "అయితే ఇప్పుడేం తయారుచేస్తున్నారు?" అని ఆయన అడిగారు. చౌరస్తా వచ్చేసింది. దిగేలోగా చెప్పగలిగినంత చిన్న జవాబు నా దగ్గర లేకపోయింది.

ఇంటికి వచ్చాక కూడా ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. ఆ పెద్దమనిషిని తప్పుపట్టవలసింది ఏమీ లేదు. హైదరాబాదులో పుట్టి పెరిగినవాళ్లలో కూడా చాలామందికి ఇ.సి.ఐ.ఎల్. (ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా లిమిటెడ్ అనే ప్రభుత్వ సంస్థ) అంటే ఒక చౌరస్తా, పాతతరం వాళ్లకు ఇ.సి. టీవీ, ఎన్నికల కాలంలో పత్రికల్లో కనిపించే ఒక పేరు. ఎ.ఎస్. రావు నగర్‌లో ఏళ్ల తరబడి ఉంటున్నవాళ్లు సైతం ఆ ఎ.ఎస్. రావు ఎవరని అడిగితే ఒక్క క్షణం ఆగుతారు. ఒక సంస్థ పేరు ఊరి పేరుగా మారిపోవడం గౌరవమే కావచ్చు. ఆ గౌరవంలోనే అసలు చరిత్ర కనుమరుగైందని నాకు బాధ.

నేను ఆ సంస్థలో ఏనాడూ ఉద్యోగం చేయలేదు. రసాయన కర్మాగారాల్లో ఇన్‌స్ట్రుమెంటేషన్ విభాగంలో పనిచేసి రిటైరైనవాణ్ని. అంటే పరికరాలు తయారుచేసే పక్షం కాదు, వాటి రీడింగులను నమ్మి పనిచేసే పక్షం నాది. ఆ వైపు నుంచి చూస్తే నాకు స్థిరపడిన అభిప్రాయం ఒకటి ఉంది. ఇ.సి.ఐ.ఎల్. కథను టీవీతో మొదలుపెట్టి ఓటింగ్ యంత్రంతో ముగించడం సరికాదు. అది పుట్టుకతో కొలత పరికరాల సంస్థ. తన మీటరును చదివేవాడు పక్కనే కూర్చుని, ఇక్కడ తప్పు వస్తోంది చూడు అని చెబుతున్నంతకాలం అది ఎవరికీ తీసిపోని పని చేసింది. ఆ చదివేవాడు ముఖం తెలియని కొనుగోలుదారుగా మారిన చోటల్లా వెనకబడింది. ఈ మాట మీద నాకే కొన్ని సందేహాలున్నాయి. వాటిని కూడా ఇక్కడే రాస్తాను.

ట్రాంబేలో మొదలైన విద్య

ఆ ఎ.ఎస్. రావు, అంటే ఇ.సి.ఐ.ఎల్. స్థాపకులైన అయ్యగారి సాంబశివరావు గారు, 1914లో పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లులో పుట్టారు. కాశీ హిందూ విశ్వవిద్యాలయంలో చదివి, తరవాత అమెరికాలోని స్టాన్‌ఫర్డ్‌లో ఎలక్ట్రికల్ ఇంజినీరింగు చేసి వచ్చి, బొంబాయిలో హోమీ భాభా దగ్గర చేరారు. అప్పట్లో అక్కడ సాగుతున్న పరిశోధన అంతరిక్షం నుంచి వచ్చే కాస్మిక్ కిరణాల మీద. కంటికి కనిపించని, చెవికి వినిపించని ఒక కణం వచ్చి వెళ్లిందని చెప్పడానికి పరికరం ఒక్కటే సాక్షి. ఆ పరికరాలను బజారులో కొనే వీలు లేదు కాబట్టి, పరిశోధన చేయదలచినవాళ్లు ముందు పరికరం చేయడం నేర్చుకోవలసి వచ్చింది. చేసినవాడే వాడేవాడు అన్న పద్ధతి అక్కడే అలవాటైందని నేననుకుంటాను.

ఆ అలవాటుకు పెద్ద పరీక్ష అప్సర అనే అణు రియాక్టరు. 1956 ఆగస్టు 4న బొంబాయిలోని అణు పరిశోధన కేంద్రమున్న ట్రాంబేలో అది పనిచేయడం మొదలుపెట్టింది. ఇంధనం బ్రిటన్ నుంచి వచ్చింది. నియంత్రణ వ్యవస్థను మాత్రం సాంబశివరావు గారి బృందం ఇక్కడే తయారుచేసింది. రియాక్టరు గురించి రాసేవాళ్లు సాధారణంగా ఇంధనం దగ్గరే ఆగిపోతారు. నాకు మాత్రం ఆ నియంత్రణే అసలు అద్భుతంగా కనిపిస్తుంది. అందులో ఉన్న కష్టమేమిటో కొంచెం వివరిస్తాను.

రియాక్టరు గుండెలో ఎంత శక్తి పుడుతోందో తెలుసుకోవాలంటే అందులోని న్యూట్రాన్లను లెక్కపెట్టాలి. అందుకు అయొనైజేషన్ చాంబర్ అనే గొట్టాన్ని దగ్గర్లో అమరుస్తారు. న్యూట్రాన్ల సంఖ్యను బట్టి అందులోంచి సన్నని కరెంటు వస్తుంది. మొదలుపెట్టేటప్పుడు ఆ కరెంటు ఒక ఆంపియరులో ఇంచుమించు లక్ష కోట్లవ వంతు ఉంటే, పూర్తి శక్తి దగ్గరకు వచ్చేసరికి పదివేలవ వంతు దాకా పెరగవచ్చు. అంటే 10 కోట్ల రెట్లు. గోధుమ గింజనూ గూడ్సు రైలునూ ఒకే తక్కెడలో తూచమన్నట్టే ఇది. తూకం వేయడంతో పని అయిపోదు. ఆ అంకె ఎంత వేగంగా పెరుగుతోందో కూడా క్షణక్షణం చెప్పాలి. తెగిపోయిన తీగ వల్ల కనిపించే సున్నాకూ, నిజమైన సున్నాకూ తేడా గుర్తించాలి. అందుకే ముఖ్యమైన ప్రతి కొలతకూ మూడు వేర్వేరు చానళ్లు (ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా కొలిచే ఏర్పాట్లు) పెట్టి, వాటిలో ఏ రెండు ప్రమాదమని చెప్పినా రియాక్టరును ఆపేసే పద్ధతి తరవాతి కాలంలో వాడుకలోకి వచ్చింది. ఒక్క చానల్ చెడిపోయినంత మాత్రాన ప్లాంటు ఆగిపోకూడదు. అలాగే ఒక్క చానల్ మౌనంగా ఉన్నంత మాత్రాన ప్రమాదం దాటిపోకూడదు. ఈ రెండు నియమాలను కలిపి ఆలోచించడం నేర్చుకున్నవాళ్లే పరికరాల ఇంజినీర్లు.

1962 యుద్ధం తరవాత, 1963లో ప్రభుత్వం ఎలక్ట్రానిక్స్ రంగం మీద భాభా అధ్యక్షతన ఒక కమిటీని వేసింది. విక్రం సారాభాయి, సూరి భగవంతం, సాంబశివరావు గార్లు మిగతా సభ్యులు. నలుగురిలో ఇద్దరు తెలుగువాళ్లని గుర్తుచేసుకున్నప్పుడల్లా నాకు ఆనందం కలుగుతుంది. 1966 జనవరిలో భాభా విమాన ప్రమాదంలో మరణించారు. నివేదిక అదే సంవత్సరం వెలువడింది. ట్రాంబేలోని ఎలక్ట్రానిక్స్ బృందం నేర్చుకున్న విద్యను పరిశ్రమగా మార్చడానికి 1967 ఏప్రిల్ 11న అణుశక్తి శాఖ కింద హైదరాబాదులో ఇ.సి.ఐ.ఎల్. ఏర్పడింది. ప్రయోగశాలలో ఒక్క నమూనా చేయడం వేరు, దానినే వందల సంఖ్యలో, ఒకదానికొకటి తేడా లేకుండా చేయడం వేరు. ఆ రెండో పనికి కావలసిన కొన్ని రకాల రెసిస్టర్లు, కెపాసిటర్లు కూడా తనే తయారుచేసుకోవలసి వచ్చిన సంస్థ అది.

డిగ్రీ కాలేజీ లాబ్‌లో ఒక పెట్టె

ఈ సంస్థతో నా మొదటి పరిచయం 1980ల మొదట్లో, డిగ్రీ చదివే రోజుల్లో కెమిస్ట్రీ లాబ్‌లో జరిగింది. కిటికీ పక్కన ఉన్న బల్ల మీద, గుడ్డ కప్పిన ఒక డిజిటల్ పి.హెచ్. మీటరు (ద్రావణం ఎంత ఆమ్లమో, ఎంత క్షారమో కొలిచేది) ఉండేది. దాని ముందు ఇ.సి.ఐ.ఎల్. అని రాసి ఉండేది. మా లాబ్ అసిస్టెంటు దానిని ఎవరినీ ముట్టుకోనిచ్చేవాడు కాదు. మూడో సంవత్సరంలో ఒకరోజు ఏమనుకున్నాడో గాని నన్ను పిలిచి, "రా బాబూ, ఇవాళ నువ్వు సెట్ చెయ్యి" అన్నాడు.

ఆ పావుగంట నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టు ఉంది. ముందు గాజు ఎలక్ట్రోడును డిస్టిల్డ్ వాటరుతో కడిగి, ఫిల్టర్ పేపరుతో అద్దాలి. తుడవకూడదు, అద్దాలి. బుడ్డి ఆకారంలో ఉన్న ఆ కొస ఉల్లిపొరలా పలచగా ఉంటుంది. గది ఉష్ణోగ్రత చూసి టెంపరేచర్ నాబ్ తిప్పాలి. ఎలక్ట్రోడును, పి.హెచ్. ముందే తెలిసిన ద్రావణమైన 7 బఫర్‌లో ముంచి, అంకె నిలకడగా నిలిచేదాకా ఆగి, నాబ్ తిప్పి 7.00కి తేవాలి. మళ్లీ కడిగి, అద్ది, 4 బఫర్‌లో ముంచాలి. 4.00 చూపించకపోతే రెండో నాబ్ సరిచేసి, తిరిగి 7కి వచ్చి చూడాలి. క్షార ద్రావణం కొలవాలంటే 4కు బదులు 9.2. "తొందరపడితే అది నీకు అబద్ధం చెబుతుంది" అని ఆయన అన్నాడు. ఉద్యోగంలో చేరాక ఎన్నో శిక్షణ తరగతులకు వెళ్లాను గాని, కాలిబ్రేషన్ (మీటరును ఇలా సరిచూసి సర్దడం) గురించి అంతకన్నా మంచి మాట ఎవరూ చెప్పలేదు.

ఆ పెట్టెకూ అణు రియాక్టరుకూ ఉన్న బంధుత్వం నాకు చాలా ఏళ్ల తరవాత అర్థమైంది. పి.హెచ్. ఒక్క అంకె మారితే గాజు ఎలక్ట్రోడు నుంచి వచ్చే వోల్టేజిలో తేడా 25 డిగ్రీల దగ్గర 59 మిల్లీవోల్టులు. వినడానికి అదేమీ మరీ తక్కువ కాదు. కాని ఆ గాజు పొర నిరోధం 10 కోట్ల ఓములు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. దానికి కలిపిన మీటరు పిసరంత కరెంటు లాగినా ఆ వోల్టేజి అక్కడికక్కడే కుంగిపోతుంది. కాబట్టి దాదాపు ఏ కరెంటూ తీసుకోకుండా వోల్టేజిని చదవగల యాంప్లిఫయరు కావాలి. లక్ష కోట్లవ వంతు ఆంపియరును పట్టుకోవడానికి రియాక్టరు దగ్గర కావలసింది కూడా సరిగ్గా ఇలాంటి విద్యే. చేతి చెమ్మ అంటినా, గాలిలో తేమ పెరిగినా, కనెక్టరు మీద సన్నని దుమ్ము పొర చేరినా కొలత చెడిపోయే ఆ సూక్ష్మమైన పనిని ట్రాంబేలో నేర్చుకున్నవాళ్లు, ఆ నేర్పును ఒక పెట్టెలో పెట్టి మా కాలేజీ బల్ల దాకా పంపించారు. స్పెక్ట్రోఫొటోమీటర్లు, రికార్డర్లు, రేడియేషన్ కొలిచే పరికరాలు ఇదే దారిలో వచ్చాయి. ఆ రోజుల్లో వెలువడిన పరిశోధన వ్యాసాల్లో పద్ధతులు వివరించే భాగం తిరగేస్తే, ఫలానా మోడల్ ఇ.సి.ఐ.ఎల్. పి.హెచ్. మీటరు వాడామని ఇప్పటికీ చదవవచ్చు. ఒక పరికరాల సంస్థకు అంతకు మించిన శిలాశాసనం ఏముంటుంది?

ముఖం తెలియని కొనుగోలుదారు

ఇక టీవీ సంగతి. 1975 ఆగస్టు నుంచి ఏడాదిపాటు అమెరికా ఉపగ్రహం సాయంతో పల్లెలకు టీవీ పాఠాలు ప్రసారం చేసిన ఇస్రో వారి సైట్ ప్రయోగంలో ఆంధ్రప్రదేశ్ సహా ఆరు రాష్ట్రాల్లో సుమారు 2,400 గ్రామాలు పాలుపంచుకున్నాయి. ఆ గ్రామాలకు టీవీ సెట్లు చేసిచ్చింది ఇ.సి.ఐ.ఎల్. పంచాయతీ ఆఫీసు మీదో బడి మీదో కోళ్ల గూటికి వాడే వైరు మెష్‌తో చేసిన గొడుగు యాంటెన్నా, లోపల ఊరంతా చుట్టూ చేరి చూసే ఒకే ఒక్క సెట్టు. కరెంటు ఎప్పుడుంటుందో తెలియదు, దుమ్ము, ఎండ, బాగుచేసే మనిషి దగ్గర్లో ఉండడు. ఇంతటి పరీక్షలో ఆ సెట్లు నిలబడ్డాయంటే కారణం, ఇస్రో వాళ్లు తమకేం కావాలో అంకెలతో సహా చెప్పారు, ఎక్కడ ఏ సెట్టు ఎందుకు ఆగిందో లెక్క రాసి చూపించారు. అక్కడ టీవీ కూడా ఒక పరికరమే. చదివేవాడు చేసేవాడికి ఎదురుగా ఉన్నాడు.

అదే టీవీ ఇంటి ముందు గదిలోకి వచ్చేసరికి పరిస్థితి మారిపోయింది. 1982 ఆసియా క్రీడలతో రంగుల ప్రసారం వచ్చింది. విడిభాగాల కిట్లు దిగుమతి చేసుకుని, బిగించి, రంగు డబ్బాలో పెట్టి, వాయిదాల మీద అమ్మే ప్రైవేటు కంపెనీలు పదుల సంఖ్యలో పుట్టాయి. పదేళ్లు మన్నే సెట్టు కన్నా ఈ దీపావళికి కొత్తగా కనిపించే సెట్టు కావాలని జనం అడిగారు. అది తప్పని నేననను. కాని అలా అడిగే కొనుగోలుదారు ఏం కోరుకుంటున్నాడో ఊహించే విద్య ట్రాంబేలో ఎవరూ నేర్పలేదు. ఇ.సి. టీవీ నెమ్మదిగా ఇళ్లలోంచి జ్ఞాపకాల్లోకి వెళ్లిపోయింది.

కంప్యూటర్ల విషయంలో నాకు ఇంకా ఎక్కువ బాధ ఉంది. ట్రాంబే డిజిటల్ కంప్యూటర్ అనే అర్థంలో టీడీసీ-12ను 1969లో చేశారు. 1970ల నడుమ టీడీసీ-312, టీడీసీ-316 వచ్చాయి. దేశంలో తయారైన తొలి కంప్యూటర్లలో ఇవి ఉన్నాయి. అయితే వాటి ధర ఎక్కువని, అందడానికి ఆలస్యమవుతోందని, వాటిని కాపాడడానికే విదేశీ యంత్రాల దిగుమతికి ప్రభుత్వం అడ్డుపడుతోందని ఆ రోజుల్లోనే గట్టి విమర్శలు వచ్చాయి. 1978లో ఐబీఎం దేశం విడిచి వెళ్లిపోయేనాటికి ప్రైవేటు సంస్థలకు తలుపులు తెరుచుకున్నాయి. కొద్ది కాలంలోనే అవి ముందుకు వెళ్లిపోయాయి.

ఇందులో యాదృచ్ఛికమైనా నన్ను ఆలోచనలో పడేసే పోలిక ఒకటుంది. టీడీసీ-316 వచ్చిన 1975లోనే అమెరికాలో హనీవెల్ కంపెనీ టీడీసీ 2000 అనే వ్యవస్థను విడుదల చేసింది. అక్షరాలు అవే, అర్థం మాత్రం వేరు. వాళ్ల టీడీసీలో మైక్రోప్రాసెసర్లను ఫ్యాక్టరీలోని కంట్రోల్ లూపులకు, అంటే కొలిచి సరిదిద్దే ఒక్కో ఏర్పాటుకు, పంచిపెట్టారు. ఒక పెద్ద కంప్యూటరు మీద అంతా ఆధారపడకుండా, కొద్ది లూపులకు ఒక చిన్న కంట్రోలరు చొప్పున ఉంటుంది. ఒకటి ఆగినా ప్లాంటు మొత్తం ఆగదు. జపాన్‌లో యొకొగావా కూడా అదే సంవత్సరం సెంటం పేరుతో అలాంటిదే తెచ్చింది. ప్రపంచమంతటా ఫ్యాక్టరీల కంట్రోల్ రూములను మార్చేసిన మలుపు అది. వాళ్లు కంప్యూటరును పరికరంలో కలిపేశారు. మనవాళ్లు పరికరాల విద్య చేతిలో ఉండగా కంప్యూటరును విడి సరుకుగా అమ్మబోయారు. ఒక చానల్ పోయినా వ్యవస్థ నిలవాలన్న పాఠం రియాక్టర్ల పనిలో ఒంటబట్టిన ఇంజినీర్లు ఆ శక్తినంతా పరిశ్రమల నియంత్రణ వైపే పెట్టి ఉంటే ఏమయ్యేదో అని నేను తరచూ అనుకుంటాను. మైక్రోప్రాసెసర్లను ఆ రోజుల్లో ఎక్కడి నుంచి తెచ్చేవాళ్లు, విదేశీ మారకం ఎవరిచ్చేవాళ్లు అని అడిగితే నా దగ్గర జవాబు లేదు. అయినా ఆ ఆలోచన పోదు.

నన్ను వెంటాడే సందేహం

ఇంతవరకు చదివిన మిత్రులు ఒకటి అడగవచ్చు. నీవు చెబుతున్న పక్కనే ఉన్న వాడుకదారు ఎవరు? అణుశక్తి శాఖే కదా? సొంత ఇంట్లోనే కొనేవాడు ఉన్నప్పుడు ఏ కంపెనీ అయినా బతుకుతుంది. దానిని ప్రతిభ అంటావా?

ఈ ప్రశ్నను నేను తేలికగా తీసుకోను. 1974లో పోఖ్రాన్ పరీక్ష జరిగాక కెనడా తన సహకారాన్ని ఆపేసింది. రాజస్థాన్‌లో రెండో రియాక్టరు సగంలో ఉంది. దానిని మనవాళ్లే పూర్తిచేసి 1981కి నడిపించారు. కల్పక్కంలో మొదటి రియాక్టరు 1983లో మొదలైంది. వాటి నియంత్రణ పరికరాలు ఇచ్చేవాళ్లు బయట ఎవరూ లేరు. ఇ.సి.ఐ.ఎల్. తప్ప అణుశక్తి శాఖకు గతి లేదు, అణుశక్తి శాఖ తప్ప ఆ స్థాయి పరికరాలకు ఇ.సి.ఐ.ఎల్.కు పెద్ద గిరాకీ లేదు. పోటీ లేని చోట నాణ్యత ఎలా వస్తుంది? సాధారణంగా రాదనే నేనూ ఒప్పుకుంటాను. ఇక్కడ రావడానికి కారణం ఉందనుకుంటున్నాను. కొనేవాడు వేరే చోట కొనలేడు, నిజమే. కాని తప్పు రీడింగును భరించనూ లేడు. రియాక్టరు కంట్రోల్ రూములో కూర్చున్నవాడికి నచ్చకపోవడానికి వేరే కంపెనీ అక్కర్లేదు, ఒక్క అకారణమైన ట్రిప్ (రియాక్టరు దానంతట అదే ఆగిపోవడం) చాలు. ఆ రాత్రే ఫోను వెళుతుంది. పోటీ చేయవలసిన పనిని ఇక్కడ ప్రమాద భయం చేసింది.

కోటాలోని ఇన్‌స్ట్రుమెంటేషన్ లిమిటెడ్ చరిత్ర నా వాదానికి బలమా, దెబ్బా అని చాలాసార్లు తర్కించుకున్నాను. 1964లో సోవియట్ సాయంతో ఏర్పడిన ఆ ప్రభుత్వ సంస్థ థర్మల్ విద్యుత్ కేంద్రాలకు కంట్రోల్ ప్యానెళ్లు, రికార్డర్లు, ట్రాన్స్‌మిటర్లు చేసేది. పాలక్కాడ్‌లో కంట్రోల్ వాల్వుల యూనిట్ కూడా పెట్టింది. దానికీ ప్రభుత్వ రంగ విద్యుత్ కేంద్రాలే కొనుగోలుదారులు. అయినా 1990ల నుంచి ఖాయిలాపడి, చివరికి కోటా యూనిట్‌ను మూసివేయాలని 2016లో కేంద్ర మంత్రివర్గం నిర్ణయించింది. ఇప్పుడు కోటా అంటే మన పిల్లలకు కోచింగ్ సెంటర్లే తెలుసు. సొంత ఇంటి గిరాకీ ఒక్కటే కాపాడేదైతే ఈ సంస్థ కూడా మిగలాలి. మిగల్లేదు. కారణాలు చాలా ఉన్నాయి గాని, నాకు ముఖ్యంగా కనిపించేది ఇది: విద్యుత్ కేంద్రాలు క్రమంగా బాయిలరు, టర్బైను, వాటి కంట్రోల్ అన్నీ కలిపి ఒకే ప్యాకేజీగా కొనడం మొదలుపెట్టాయి. దానితో రికార్డరు చేసినవాడికీ షిఫ్టులో దానిని చదివేవాడికీ మధ్య ఒక పెద్ద కాంట్రాక్టరు వచ్చి నిలబడ్డాడు. తప్పు ఎక్కడుందో చెప్పే మాట చేసినవాడి చెవిదాకా చేరడం మానేసింది.

స్కూటరు మీద వచ్చిన మనిషి

1990ల నడుమ నేను పనిచేసిన ఒక కర్మాగారంలో రియాక్షన్ వెసెల్ (రసాయన చర్య జరిగే పాత్ర) ఉష్ణోగ్రతను గీసే రికార్డరు ఉండేది. విదేశీ సరుకు, మంచి పేరున్నది. పెన్ను చార్టు మీద సాగుతుంటే గీత సూదితో గీసినట్టు ఉండేది. ఒక వేసవిలో అది మధ్యాహ్నం షిఫ్టులో ఉన్నట్టుండి 15 డిగ్రీలు ఎక్కువ చూపించడం మొదలుపెట్టింది. పది నిమిషాలు అలా ఉండి మళ్లీ సర్దుకునేది. ఆ పది నిమిషాల్లో ఆపరేటరు చల్లనీళ్లు తిప్పేవాడు, బ్యాచ్ పాడయ్యేది. ఏజెంటుకు రాశాం. థర్మోకపుల్ (వేడిని బట్టి చిన్న వోల్టేజి ఇచ్చే తీగల జత) మార్చమన్నారు. మార్చాం, మారలేదు. మనిషిని పంపమంటే ఆరు వారాలు పట్టింది. వచ్చినతను ఉదయం పూట రికార్డరును పరీక్షించి, అంతా బాగుందని సంతకం పెట్టి వెళ్లిపోయాడు. అతను అబద్ధం చెప్పలేదు. రికార్డరు నిజంగా బాగానే ఉంది.

అప్పుడు చర్లపల్లి పారిశ్రామికవాడ నుంచి ఒకాయనను పిలిచాం. ఇ.సి.ఐ.ఎల్.లో కొన్నేళ్లు పనిచేసి బయటికి వచ్చి, చిన్న షెడ్డులో ఇండికేటర్లు, కంట్రోలర్లు చేసి అమ్మేవారు. ఆ పారిశ్రామికవాడలో అలాంటివాళ్లు ఇంకా ఉన్నారు. స్కూటరు మీద వచ్చి, రికార్డరు మూత కూడా తీయకుండా, "సార్, నాకు ఒక కుర్చీ వేయించండి, రెండు రోజులు ఇక్కడే ఉంటాను" అన్నారు. కుర్చీ చార్టు ఎదురుగా వేసుకున్నారు. గీత పైకి లేచినప్పుడల్లా టైము రాసుకుని బయటికి వెళ్లి ప్లాంటు చుట్టూ తిరిగి వచ్చేవారు. రెండో రోజు సాయంత్రం నన్ను గోడ అవతలికి తీసుకువెళ్లారు. అక్కడ ఫాబ్రికేషన్ షెడ్డులో వెల్డింగ్ నడుస్తోంది. మధ్యాహ్నం షిఫ్టులోనే ఆ పని పెట్టుకునేవాళ్లు.

మా థర్మోకపుల్ ఇచ్చేది ఒక్కో డిగ్రీకి సుమారు 41 మైక్రోవోల్టులు. 15 డిగ్రీలంటే ఇంచుమించు 600 మైక్రోవోల్టులు, ఒక మిల్లీవోల్టు కూడా కాదు. మా కేబుల్ షీల్డును (తీగల చుట్టూ ఉండే లోహపు తొడుగును) వెసెల్ దగ్గర ఒకసారి, ప్యానెల్ దగ్గర ఒకసారి, రెండు చోట్లా ఎర్త్ చేసి ఉంచాం. వెల్డింగ్ కరెంటులో కొంత ఆ షీల్డు గుండా దారి చేసుకుని పోతూ, రికార్డరు చెవిలో తప్పుడు మాట చెబుతోంది. ఆయన వెసెల్ వైపు ఎర్త్ తీసేసి, ఇన్‌పుట్ దగ్గర చిన్న ఫిల్టరు పెట్టారు. గీత సూదిలా సాగింది. తప్పు మా వైరింగుది. విదేశీ రికార్డరు నాణ్యతలో ఆయన చేసే పెట్టెల కన్నా మెరుగైనదే, ఆ మాట ఆయనే అన్నారు. కాని మా తప్పు మాకు చూపించగలిగింది, చార్టు ముందు రెండు రోజులు కూర్చోగలిగిన తయారీదారే.

"ఇదంతా ఎక్కడ నేర్చుకున్నారు?" అని అడిగితే, చేరిన కొత్తల్లో తన పై ఇంజినీరు ప్యానెల్‌తో పాటు తననూ సైటుకు పంపేవాడని, అక్కడి ఆపరేటర్లు సరేనన్నాకే తిరిగి రావాలని చెప్పేవాడని అన్నారు. నేను ఈ వ్యాసమంతటా చెప్పాలని ప్రయత్నిస్తున్నది ఆ మాటే.

బస్సులో చెప్పలేకపోయింది

ఆ పెద్దమనిషి అడిగిన ప్రశ్నకు జవాబు ఇప్పుడు రాస్తున్నాను. అణు విద్యుత్ కేంద్రాలకు నియంత్రణ పరికరాలు ఇప్పటికీ అక్కడ చేస్తున్నారు. ఓటింగ్ యంత్రం మొదటి నమూనా 1970ల చివర ఎన్నికల సంఘం కోరికపై అక్కడ తయారైంది. 1982లో కేరళలోని పరూరులో 50 పోలింగ్ కేంద్రాల్లో మొదటిసారి వాడారు. 2008లో చంద్రయాన్-1 చంద్రుడి దగ్గరి నుంచి పంపిన సంకేతాలను బెంగళూరు దగ్గర బ్యాలాలులో అందుకున్న 32 మీటర్ల యాంటెన్నా వాళ్లు కట్టిందే. లద్దాఖ్‌లోని హాన్లేలో, సముద్రమట్టానికి సుమారు 4,300 మీటర్ల ఎత్తున, 21 మీటర్ల అద్దంతో గామా కిరణాలను గమనించే మేస్ టెలిస్కోపును భాభా అణు పరిశోధన కేంద్రంతో కలిసి కట్టిందీ వాళ్లే. సాంబశివరావు గారు యౌవనంలో కాస్మిక్ కిరణాల కోసం వెతికిన ఆకాశం వైపే ఆ అద్దం ఇప్పుడు చూస్తోంది. ఈ ప్రతి పనిలోనూ, కొనేవాడెవరో, ఏ కొలత కావాలో, తప్పితే ఎవరు అడుగుతారో ముందే తెలుసు.

ఈ వ్యాసం ముగించేముందు చర్లపల్లి ఆయనకు ఫోను చేశాను. ఇప్పుడు షెడ్డు ఆయన కొడుకు చూసుకుంటున్నాడు. మా కర్మాగారం మూతపడి చాలా ఏళ్లయింది. ఆయన మాత్రం ఒక్కో కస్టమరుకు ఒక్కో పేజీ చొప్పున రాసుకున్న పాత నోటుబుక్కులన్నీ దాచుకున్నారు. "ఉండండి సార్" అని వెళ్లి, మా పేజీ వెతికి, ఫోనులో చదివి వినిపించారు. షీల్డు ప్యానెల్ వైపు మాత్రమే, ఫిల్టరు విలువలు, తేదీ, టైము, చార్టు రీడింగులు. పైన నేను 15 డిగ్రీలని జ్ఞాపకం మీద రాశాను. ఆయన పుస్తకంలో 11 అని ఉంది. దయచేసి 11 అనే చదువుకోండి.